చెల్లి చదువు విషయమై నాన్నగారికి

అర్బానా, ఇల్లినాయ్
మార్చి 9

పూజ్యులైన నాన్నగారికి, అమ్మకు నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. మీ ఉత్తరం అందింది. చెల్లికి ఎం.ఎస్.కు ఇండియానాలోని పర్డ్యూ, డాలస్ దగ్గరి టెక్సస్ విశ్వవిద్యాలయం (యూటీ డాలస్), బోస్టన్‌లోని నార్త్‌ఈస్టర్న్, ఈ మూడు చోట్ల ప్రవేశం దొరికిందని చదివి ఎంతో సంతోషించాను. అయితే ఆ మూడింటిలో ఏది పేరున్నదో తేల్చి చెప్పమన్నారు, దానికి ఒక్క మాటలో జవాబు చెప్పడం నా వల్ల కావడం లేదు. ఫోనులో చెబుదామంటే ఆదివారం మన ఇంట్లో అందరూ ఒక్కసారే మాట్లాడతారు, సరిగ్గా అదే వేళకు మామయ్య కూడా డాలస్ నుంచి కలుస్తారు. అందుకే మీరు తీరికగా చదువుకోవడానికి వీలుగా ఇలా రాస్తున్నాను. నా ఉద్యోగం బాగానే సాగుతోంది, దాని గురించి కొత్తగా రాయవలసినది ఏమీ లేదు.

ముందుగా పెదనాన్నగారి మాటకు వస్తాను. ఐవీ లీగులో లేని చోటికి అంత డబ్బు పోసి పంపడం దేనికని ఆయన అన్నట్టు రాశారు. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియా, కార్నెల్, బ్రౌన్, డార్ట్‌మత్, పెన్సిల్వేనియా అనే ఎనిమిది పాత విద్యాసంస్థలు తమలో తాము ఆటల పోటీలు నడుపుకోవడానికి 1954లో కట్టుకున్న కూటమి అది. అవి గొప్పవి కావని ఎవరూ అనలేరు. హార్వర్డ్ 1636లోనే పుట్టింది. కాని ఎం.ఐ.టి. ఆ కూటమిలో లేదు, స్టాన్‌ఫర్డ్ లేదు, మన చిత్తూరు జిల్లాలో పుట్టిన రాజ్ రెడ్డిగారు 1969లో చేరి పాఠాలు చెబుతూ, 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అతి పెద్దదైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న కార్నెగీ మెలన్ కూడా లేదు. పెదనాన్నగారు మాటకు ముందు ఒకసారి, వెనుక ఒకసారి తలచుకునే సత్య నాదెళ్లగారు ఎం.ఎస్. చదివింది మిల్వాకీలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో. ఆ ఊరు ఎక్కడుందో ఇక్కడికి వచ్చేవరకు నాకు కూడా తెలియదు. ఈ సంగతి నా మాటగా కాకుండా మీ మాటగా ఆయన చెవిన వేస్తే బాగుంటుంది.

మీరు పత్రికలోంచి కత్తిరించి పంపిన ర్యాంకుల పట్టిక యు.ఎస్. న్యూస్ అనే ఇక్కడి వార్తాసంస్థ వారిది. 1983లో మొదలైనప్పుడు అది కాలేజీల అధ్యక్షులను అడిగి, వారి అభిప్రాయాలను కూడి వేసిన జాబితా. ఆ తర్వాత లెక్కలు చాలా చేర్చినా, ఇప్పటికీ సుమారు ఐదోవంతు మార్కులు ఇతర విద్యాసంస్థల పెద్దలు ఏమనుకుంటున్నారన్న దానికే పోతాయి. పేరుంటే ర్యాంకు వస్తుంది, ర్యాంకు వచ్చింది కనుక పేరు పెరుగుతుంది, ఈ రెండూ ఒకదాన్నొకటి మోస్తూ ఉంటాయి. 2022లో కొలంబియా విశ్వవిద్యాలయపు గణిత ఆచార్యుడే తమ సంస్థ పంపిన అంకెలు సరికావని బయటపెట్టగా, 2వ స్థానంలో ఉన్న ఆ సంస్థ అదే ఏడాది 18వ స్థానానికి దిగిపోయింది. అక్కడి ఆచార్యులు, ప్రయోగశాలలు, పుస్తకాలు మాత్రం ఉన్నచోటనే ఉన్నాయి. దీనికి ఎదురు కథ చెల్లి జాబితాలోని బోస్టన్ సంస్థది. నార్త్‌ఈస్టర్న్ 1996లో 162వ స్థానంలో ఉండేది. లెక్క వేసే పద్ధతిని అక్కడి యాజమాన్యం క్షుణ్ణంగా చదివి, 20 మంది లోపు విద్యార్థులుండే తరగతులను పెంచడం వంటి పనులు పట్టుదలగా చేసి, ఇరవై ఏళ్ళు తిరగకముందే తొలి 50లోకి వచ్చింది. నేను దీన్ని తప్పుపట్టను, తరగతి చిన్నదైతే పిల్లలకు మేలే కదా. అయితే ఈ పట్టిక మన బి.టెక్. వంటి చదువుకు సంబంధించినది, చెల్లి వెళ్ళేది ఎం.ఎస్. మెకానికల్‌కు. ఇంజినీరింగు పై చదువులకు వేరే పట్టిక ఉంది. పెద్ద పట్టికలో యాభై దరిదాపుల్లో కనిపించే పర్డ్యూ, ఆ రెండో పట్టికలో కొన్నేళ్ళుగా తొలి పదిలో ఉంటోంది. మీరు పర్డ్యూ పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టారు, అందుకని ఇంత వివరంగా రాశాను.

పర్డ్యూ ఎలాంటిదో నిజానికి మీకు నేను చెప్పనక్కరలేదు. 1862లో లింకన్ సంతకం చేసిన మారిల్ చట్టం గురించి బాపట్ల వ్యవసాయ కళాశాలలో మీరు పాఠమే చెప్పారు. కేంద్రప్రభుత్వం రాష్ట్రాలకు భూమి ఇచ్చింది, వారు దాన్ని అమ్మి, ఆ నిధితో రైతుల, పనివారల పిల్లలకు సేద్యం, యంత్రవిద్య నేర్పే కాలేజీలు పెట్టుకున్నారు. నేను చదివిన ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం 1867లో, పర్డ్యూ 1869లో అలా ఏర్పడినవే. జాన్ పర్డ్యూ అనే వ్యాపారి లక్షా యాభై వేల డాలర్లు, దాంతోపాటు భూమి ఇచ్చి తన పేరు పెట్టించుకున్నాడు. ఆయన సమాధి ఇప్పటికీ క్యాంపస్ నడుమనే ఉంది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక మనవారికి తోడ్పడడానికి వచ్చిన కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ కూడా ఈ కోవలోదే. మీ గురువుగారు మన్‌హట్టన్‌లో చదివి వచ్చారంటే అమ్మ చాలా కాలం న్యూయార్క్ అనుకుంది, ఆ మన్‌హట్టన్ కాన్సాస్ గోధుమ చేల మధ్య ఉన్న చిన్న ఊరని మీరు చెప్పినా ఒప్పుకోలేదు. పేరు కంటే పని పెద్దదన్న నమ్మకంతో మీ గురువులు అంతదూరం వెళ్ళి చదివారు, చెల్లి విషయంలో మాత్రం మనం పేరు దగ్గర ఆగిపోతున్నామేమో అనిపిస్తోంది.

చెల్లికి రాకెట్ ఇంజిన్ల మీద ఎంత మోజో మీకు తెలుసు. పర్డ్యూలో ఆ విద్యకే జుక్రో ప్రయోగశాలలు ఉన్నాయి. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1955లో పట్టా పుచ్చుకున్నది అక్కడే. ఆయన పేరిట కట్టిన ఇంజినీరింగు భవనం ముందు ఆయన విగ్రహం విద్యార్థి రూపంలో కూర్చుని ఉంటుంది. మన ఆంధ్రలో పుట్టి 2021 జూలైలో అంతరిక్షపు అంచుకు వెళ్ళి వచ్చిన శిరీష బండ్లగారు కూడా పర్డ్యూ విద్యార్థినే. ఇక్కడ పేరున్నది అన్నప్పుడు ఆ పేరు ఎవరి నోట ఉన్నదో కూడా చూడాలి. పర్డ్యూ పేరు మన వీధిలో ఎవరికీ తెలియకపోవచ్చు, కాని ఇంజిన్లు, విమానాలు చేసే కంపెనీలవారు అక్కడికి తామే వచ్చి పిల్లలను ఎంచుకుంటారు.

ఇక డాలస్. తన ఇంట్లోనే ఉండి అక్కడ చదువుకుంటే మంచిదని మామయ్య అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. యూటీ డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళకు ఏ లోటూ ఉండదు, ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ ఆలయం ఉంది, క్యాంపస్‌లో ఏ వరండాలో నిలబడినా తెలుగు మాట వినిపిస్తుంది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థను నిలబెట్టినవారు తమకు కావలసిన శాస్త్రవేత్తలను అక్కడే తయారు చేసుకోవాలని పెట్టిన పరిశోధన కేంద్రం 1969లో రాష్ట్ర విశ్వవిద్యాలయమైంది. అక్కడ ఫుట్‌బాల్ జట్టు లేదు కాని చదరంగం బాగా ఆడేవారికి స్కాలర్‌షిప్ ఇస్తారు. ఆ ఒక్క కారణానికే నాకు ఆ చోటంటే ఇష్టం. ఎలక్ట్రానిక్స్‌కో కంప్యూటర్లకో అయితే నేను రెండో మాట లేకుండా అక్కడికే పంపమని రాసేవాడిని. మెకానికల్ విభాగం ఇంకా చిన్న వయసుది. మామయ్య ఇంట్లో ఉండి చదువుకుంటే అద్దె మిగులుతుందన్నది నిజమే, కాని అత్తయ్యకు ఇప్పటికే ఎంత పని ఉందో ఆలోచించండి. రోజూ ఇంటి నుంచి వెళ్ళి వచ్చే పిల్లకు క్యాంపస్ అంటే పార్కింగు స్థలం, తరగతి గది, ఈ రెండే తెలుస్తాయి. రాత్రి పదింటికి ప్రయోగశాల నుంచి బయటికొచ్చి, తోటివాళ్ళతో లెక్క గురించి వాదించుకుంటూ గదికి నడవడంలో సగం చదువు ఉంటుంది.

బోస్టన్ విషయంలో నాకు భయం డబ్బు గురించే. ఊరు చాలా అందమైనది, చార్లెస్ నదికి అవతలి ఒడ్డున హార్వర్డ్, ఎం.ఐ.టి. ఉన్నాయి, నార్త్‌ఈస్టర్న్‌కు ఇరువైపులా పట్టణ రైళ్ళు నడుస్తాయి కనుక కారు అవసరమే ఉండదు. 1909 నుంచి వారు కో-ఆప్ అనే పద్ధతి నడుపుతున్నారు, చదువు మధ్యలో కొన్ని నెలలు కంపెనీలో జీతానికి పనిచేసి తిరిగి తరగతికి వస్తారు. ఇది నిజంగా మెచ్చుకోదగినది. అయితే అది ప్రైవేటు సంస్థ, ఊళ్ళో అద్దెలు మండిపోతాయి, కో-ఆప్ కూడా మనం వెతుక్కుని సంపాదించుకోవలసినదే తప్ప ఫీజుతో పాటు చేతిలో పెట్టేది కాదు. పొలం తాకట్టు పెట్టే ఆలోచన ఉందని మీరు రాసిన వాక్యం చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. దయచేసి ఆ పని చేయకండి. నా మీద భారం పడుతుందని మీరు అనుకుంటున్నారు, పడనివ్వండి, అది నాకు భారం కాదు.

అమ్మ చలి గురించి అడిగింది. పర్డ్యూ ఉన్న వెస్ట్ లఫాయెట్‌లో మంచు పడుతుంది, ఇక్కడ అర్బానాలో కూడా పడుతుంది, నేను బాగానే ఉన్నాను కదా. విద్యార్థి కార్డు చూపితే టికెట్టు లేకుండా సిటీ బస్సు ఎక్కించుకుంటారు. ఇక తిండి సంగతి, చెల్లికి వంట రాదన్నది ఈ దేశపు తప్పు కాదని అమ్మకు చెప్పండి.

ఈ చిన్న ఊళ్ళ క్యాంపస్ జీవితంలో మంచీ ఉంది, చెడూ ఉంది. మంచి ఏమిటంటే ఊరంతా విశ్వవిద్యాలయమే. ఇల్లినాయ్‌లో మారో ప్లాట్స్ అని 1876 నుంచి మొక్కజొన్న పండిస్తున్న ప్రయోగ క్షేత్రం ఉంది. దాని మీద నీడ పడకూడదని పక్కనున్న గ్రంథాలయాన్ని 1969లో భూమి లోపల కట్టారు. మీరు ఇక్కడికి వచ్చినప్పుడు మొట్టమొదట చూపించేది దాన్నే. శరదృతువులో ఫుట్‌బాల్ ఆట ఉన్న శనివారం ఆచార్యులు, గుమాస్తాలు, పిల్లలు అందరూ ఒకే రంగు చొక్కాలు వేసుకుని స్టేడియం దారి పడతారు. ఆట నాకు సగమే అర్థమవుతుంది కాని ఆ రోజు ఎవరూ పరాయివాళ్ళలా కనిపించరు. చెడు ఏమిటంటే, నవంబరులో థాంక్స్‌గివింగ్ సెలవులు, డిసెంబరులో క్రిస్మస్ సెలవులు రాగానే ఇక్కడి పిల్లలంతా ఇళ్ళకు పోతారు, హోటళ్ళు మూస్తారు, బస్సులు తగ్గిస్తారు, దూరదేశాల నుంచి వచ్చినవాళ్ళం మాత్రం మిగులుతాం. చదువుకునే రోజుల్లో ఆ సెలవులు నాకు చాలా కష్టంగా గడిచేవి, మీకు అప్పట్లో రాయలేదు. ఇప్పుడు కూడా ఆ వారం ఎప్పుడు అవుతుందా అని చూస్తుంటాను. పర్డ్యూ నాకు కారులో రెండు గంటల లోపు దూరం, గడియారం మాత్రం అక్కడ ఒక గంట ముందుంటుంది. సెలవులకు చెల్లిని నేనే తీసుకొచ్చి, షికాగో దగ్గర అరోరాలోని బాలాజీ గుడికి తీసుకువెళ్ళి దిగబెడతాను. నా దగ్గర ఉంటుందన్న ఆశతోనే పర్డ్యూ పాట పాడుతున్నానని మీరు అనుకోవచ్చు. ఆ ఆశ కొంత ఉన్న మాట నిజమే, దాచను. కాని అది లేకపోయినా నా సలహా ఇదే అయ్యేది.

మరో విషయం. కన్సల్టెన్సీ వారు కాలిఫోర్నియాలో జీఆర్‌ఈ అనే ప్రవేశ పరీక్ష అడగని, వారానికొక రోజు వెళితే చాలుననే కాలేజీ ఒకటి చూపిస్తున్నారని రాశారు. వారిని మళ్ళీ ఇంటికి రానివ్వకండి. 2011 జనవరిలో ప్లెజంటన్‌లోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీని అధికారులు మూయించినప్పుడు నష్టపోయినవారిలో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే, కొందరి కాళ్ళకు నిఘా పట్టీలు కూడా కట్టారు. 2019లో మిషిగన్‌లో బయటపడిన ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీనైతే ప్రభుత్వమే ఎరగా పెట్టింది, వందమందికి పైగా విద్యార్థులు అరెస్టయ్యారు, వారిలో దాదాపు అందరూ మన దేశంవారే. అలాగే పెట్రోలు బంకులో పనిచేసి ఫీజు కట్టుకోవచ్చన్న మాట ఎవరు చెప్పినా నమ్మకండి. చదువు సాగుతున్న రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటల వరకే విద్యార్థులకు అనుమతి. ఆచార్యుల కింద పరిశోధన సహాయకురాలి పని దొరికితే ఫీజు చాలావరకు తగ్గుతుంది, కాని ఎం.ఎస్. వారికి అది దొరికి తీరుతుందన్న భరోసా లేదు, కనుక ఆ లెక్క మీద ఆధారపడి అప్పు చేయవద్దు. చదువు అయ్యాక పనిచేసుకునే అనుమతి ఒక ఏడాది, ఇంజినీరింగు వారికి దాని మీద 24 నెలలు. మూడు చోట్లా ఒకే నియమం కనుక ఇందులో ఎంచుకోవలసింది లేదు.

చెల్లిని ఈ వారంలో జుక్రోలో పనిచేసే ఆచార్యుల పేజీలు చదివి, వారిలో ఇద్దరికో ముగ్గురికో తన బి.టెక్. ప్రాజెక్టు గురించి పొందికగా ఒక మెయిలు రాయమనండి. పంపే ముందు నాకు చూపించమనండి, కాని నేను దిద్దినదే రాయనక్కరలేదు. అక్కడ చదువుతున్న మన పిల్లలతో తనే మాట్లాడాలి, నేను మాట్లాడించడం కాదు. తనకు బోస్టనే నచ్చితే కారణం తన నోటితో చెప్పమనండి, విని నేను మనసు మార్చుకోవడానికి సిద్ధం. ప్రవేశ పత్రాల్లో ఇచ్చిన గడువు లోపు జవాబు ఇస్తే సరిపోతుంది, తొందరపడి ఎక్కడా డిపాజిట్ కట్టకండి.

మామయ్యకు మీరు ముందుగా ఏమీ చెప్పవద్దు. ఆయన నొచ్చుకోకుండా నేనే మాట్లాడతాను. అమ్మను మోకాళ్ళకు మందు మానవద్దని చెప్పండి.

ఇట్లు
మీ పెద్దబ్బాయి