ట్రక్కు ఇక రాదు, కొట్టు మాత్రం ఇక్కడే ఉంటుంది

అందరికీ నమస్కారం. కొన్ని వారాలుగా కూరగాయల ర్యాక్ ఖాళీగా ఎందుకుందని మీలో చాలామంది అడిగారు. "వచ్చే వారం వస్తాయి" అంటూ దాటేశాను. అలా అనడం తప్పే. అప్పటికి ఏం చేయాలో నాకే తేలలేదు. ఇప్పుడు తేలింది కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పేస్తున్నాను.

షికాగో నుంచి పదిహేను రోజులకోసారి మనకు సరుకు దింపే ట్రక్కు ఇక రాదు.

కొత్తగా వచ్చిన పిల్లల కోసం రెండు మాటలు. మన కొట్టు వాయవ్య మిస్సోరీలో, మేరీవిల్‌కి 15 మైళ్ల దూరంలోని పల్లెలో ఉంది. జనాభా 400 దాటదు. ముందు పెట్రోలు బంకు, కాఫీ, పాలు, బ్రెడ్డు. వెనక నాలుగు ర్యాకుల్లో మన సరుకులు. వెనక భాగానికి వచ్చేది ఎక్కువగా మీరే: నార్త్‌వెస్ట్ మిస్సోరీ స్టేట్ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేస్తున్నవాళ్లు, చదువైపోయి కాన్సస్ సిటీలోనో ఒమాహాలోనో ఉద్యోగం చేస్తూ ఇటువైపు వచ్చినప్పుడు ఆగేవాళ్లు.

ఇక జరిగింది చెబుతాను. ఆ ట్రక్కు తెల్లవారుజామున నాలుగింటికి వస్తుంది. డ్రైవర్ హైవే దిగగానే ఫోన్ చేస్తాడు, నేను వెళ్లి వెనక తలుపు తీస్తాను. 8 ఏళ్లుగా ఇదే పద్ధతి. జనవరి మూడో వారంలో ఫోన్ రాలేదు. ఐదింటికి తలుపు తీస్తే నాలుగు అట్టపెట్టెలు మంచులో ఉన్నాయి. బయట మైనస్ 8 ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో మైనస్ 22 డిగ్రీలు. లోపలికి లాక్కొచ్చి మొదటి పెట్టె విప్పుతుంటే ఒక దొండకాయ జారి గచ్చు మీద పడి గోళీలా టంగుమంది. కరివేపాకు నల్లగా బిగుసుకుపోయి, వేలు తగిలితే చాలు పెళుసుగా విరిగిపోయింది. మధ్యాహ్నానికి మంచు కరిగేసరికి ములక్కాడలు, సొరకాయలు, అన్నీ జావ. మా ఆవిడ ఏమీ అనకుండా బకెట్లలోకి ఎత్తిపోసింది. ఆ కరివేపాకు దొరకడమే కష్టం. నిమ్మజాతి చెట్లకు తెగులు అంటించే పురుగు కరివేపాకు మీద కూడా చేరుతుందని ఈ దేశంలో దాని రవాణా మీద ఆంక్షలున్నాయి. అంత కష్టపడి తెప్పించుకున్నది చెత్తబుట్టలోకి పోయింది.

పెట్టెకు అంటించిన బిల్లు మాత్రం 612 డాలర్లు, పూర్తిగా.

ఆ ట్రక్కు పంపే కంపెనీ ఆఫీసుకి ఫోన్ చేశాను. ఎత్తింది మన తెలుగువాడే, ఇన్నేళ్లూ నన్ను "అన్నా" అని పిలిచినవాడే. పోయిన సరుకు సంగతి ఎత్తకుండా, రూటు మార్చామని, మినిమమ్ ఆర్డర్ పెంచామని, మన ఊరి కోసం హైవే దిగి రావడం ఇక గిట్టదని చెప్పాడు. చివర్లో ఒక మాటన్నాడు: "అయినా అక్కడ ఎవరున్నారన్నా?"

గిట్టదు అంటే నాకు అర్థమవుతుంది. మా నాన్నది నరసరావుపేట దగ్గర పల్లెలో కిరాణా కొట్టు, నేను లెక్కల పుస్తకం పక్కన పడుకుని పెరిగాను. మన ఆర్డర్ తగ్గిన మాట నిజమే. 2025 మే నెలాఖరులో స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూల కొత్త అపాయింట్‌మెంట్లు ఆపేశారు. జూన్ మూడో వారంలో మళ్లీ మొదలుపెట్టినా, ఆ ఆగస్టులో మన కొట్టుకి వచ్చిన కొత్త మొహాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. అదే నెలలో భారత్ సరుకు మీద సుంకం 50 శాతానికి పోయింది. ఇవన్నీ ఆ కంపెనీకీ కష్టమే, ఒప్పుకుంటాను. కానీ 8 ఏళ్లలో ఒక్క బిల్లు వారం దాటనివ్వలేదు నేను. 2023 జూలైలో మన దేశం బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు ఇదే కంపెనీ "రేటు పెంచి అమ్ముకో" అంటే పెంచలేదు. ఇంటికి ఒక్కటే 20 పౌన్ల సంచి, పాత ధరకే ఇచ్చాను. మీలో అప్పుడున్నవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అలాంటి మనిషికి ట్రక్కు ఆపేస్తున్నామని ముందుగా ఒక ఫోన్ చేయలేకపోయారు. పాడైన సరుకుకి డబ్బు తగ్గించలేదు. ఆ బిల్లు కట్టేశాను, వాళ్లతో నా లెక్క అయిపోయింది. రేపు వాళ్లే మళ్లీ వస్తామన్నా తీసుకోను. ఇది మొండితనమని మా ఆవిడ అంటోంది. కావచ్చు.

"అక్కడ ఎవరున్నారు" అన్న మాటే నన్ను నిద్రపోనివ్వలేదు.

ఉదయం ఐదున్నరకి మీరెవరూ రారు కాబట్టి మీకు తెలియదు. ఆ వేళకి కిటికీ పక్క బల్ల దగ్గర ఆరుగురు రైతులు కూర్చుని ఉంటారు. మొక్కజొన్న బుషెల్ (ఇక్కడి ధాన్యం కొలత) ఎంత పలికింది, ఎలివేటర్ వాడు, అంటే గింజలు కొని నిల్వచేసేవాడు, తేమకి ఎంత కోత పెట్టాడు, వాన ఎవరి చేలో పడింది, ఎవరి చేను దాటి పోయింది, ఇవే కబుర్లు. మా ఇంట్లో మిర్చి వేస్తారని ఎప్పుడో చెప్పాను. అప్పటి నుంచి "మీ వైపు మిర్చి రేటెంత?" అని వాళ్లు వారానికోసారైనా అడుగుతారు. గుంటూరు యార్డులో ధర పడిపోయిందంటే వాళ్ల మొహాలు మా చిన్నాన్న మొహంలాగే అవుతాయి.

మొదటి చలికాలం ఇక్కడ మాతో ఎవరూ వాతావరణం గురించి తప్ప మాట్లాడలేదు, అది కూడా చెప్పాలి. ఎదురొచ్చిన ప్రతి పికప్ నుంచీ స్టీరింగ్ మీది వేలు లేస్తుంది, పలకరింపు అంతే. ఇక్కడి మనుషులు మెల్లగా దగ్గరవుతారు. మా నాన్న పోయినప్పుడు నేను ఇంటికి వెళ్లలేకపోయాను. ఎవరికీ చెప్పలేదు, కొట్టు తలుపుకి "రెండు రోజులు సెలవు" అని కాగితం అంటించాను. సాయంత్రానికి ఇంటి ముందు గిన్నెలు వరుసగా పెట్టి ఉన్నాయి. నీచు తినని రోజులని ఒకామెకు చెబితే, మర్నాటి నుంచి వచ్చినవన్నీ బంగాళాదుంపలు, బీన్సు, చీజే. పదకొండో రోజు దాకా మా పొయ్యి వెలగలేదు. గిన్నెల అడుగున టేపు మీద పేర్లు రాసి ఉన్నాయి కాబట్టి ఎవరి గిన్నె వాళ్లకి తిరిగి ఇవ్వగలిగాను.

అన్నీ మంచివే అని చెప్పను. ఆసుపత్రికి 15 మైళ్లు పోవాలి. టీచర్లు దొరకక మా బడి వారానికి 4 రోజులే, సోమవారం సెలవు. బడి అయిపోయిన పిల్లలు వెళ్లిపోతారు, తిరిగి రారు. మన కారు బ్యాంకు ముందు పది నిమిషాలు ఆగితే సాయంత్రానికి ముగ్గురు అడుగుతారు.

ఇప్పుడు అసలు సంగతి. "అన్నా, మేరీవిల్‌కి మార్చేయొచ్చుగా, కారు లేనివాళ్లం నడిచి వస్తాం" అని మీరు చాలాసార్లు అడిగారు. ఫిబ్రవరి మొత్తం దాని గురించే ఆలోచించాను. క్యాంపస్‌కి దగ్గర్లో ఒక షట్టరు చూశాను, కొలతలు తీసుకున్నాను, అద్దె మాట్లాడాను. కాగితం మీద చూస్తే అక్కడికి పోవడమే లాభం. మా బావమరిది డల్లాస్ నుంచి రోజూ ఫోన్ చేసి "పోవయ్యా బావా" అన్నాడు. మా ఆవిడ "నీ ఇష్టం" అంది. ఆ మాటకి నాకు ఇంకా టెన్షన్ పెరిగింది. మూడుసార్లు సంతకం పెట్టడానికని బయల్దేరాను. మూడోసారి హైవే దాకా వెళ్లి, బండి పక్కకి ఆపి అరగంట కూర్చుని వెనక్కి వచ్చేశాను. మన బంకు మూస్తే ఈ ఊళ్లో పాల ప్యాకెట్టు దొరికే చోటు ఇంకొకటి లేదు. కోతలప్పుడు రాత్రి పదకొండింటికి కంబైన్ (కోత యంత్రం) దిగి దుమ్ముతో వచ్చేవాడికి వేడిగా తినడానికి ఇంకో చోటు లేదు. ఇక్కడ ఎవరూ లేరన్న మాటని నేనే నిజం చేయలేను. కారు లేని పిల్లలకి ఇది కష్టమని తెలుసు, అందుకు మన్నించమని అడుగుతున్నాను.

కాబట్టి ఇకపై సరుకు నేనే తెస్తాను. ప్రతి సోమవారం 71వ నంబరు హైవే మీదుగా సవానా దాటి, ఇంటర్‌స్టేట్ 29 ఎక్కి కాన్సస్ సిటీ వెళ్తాను. పోను 110 మైళ్లు, రాను 110. బడి సెలవు కాబట్టి మా పాప తోడొస్తుంది. సోమవారం కొట్టు మూసేద్దామనే అనుకున్నాను. బల్ల దగ్గరి పెద్దాయన ఒకరు, 70 దాటినవాడు, చేయి చాచి "తాళం ఇవ్వు" అన్నాడు. ఒకరి సాయంతో కొట్టు నడుపుతున్నానన్న మాట పడటం నాకు ఇష్టం లేక వద్దన్నాను. వారం తర్వాత మళ్లీ చాచాడు, ఇచ్చాను. ఇప్పుడు సోమవారాలు కాఫీ ఆయన కాస్తాడు, డబ్బులు కాఫీ డబ్బాలో వేస్తారు. మొదటి సోమవారం లెక్క చూస్తే 3 డాలర్లు ఎక్కువే ఉన్నాయి.

మన సరుకుల వైపు మాత్రం సోమవారం తెరవను. సోనా మసూరి, కందిపప్పు, మినప్పప్పు ధరలు మారవు. కూరగాయల మీద పౌనుకి అర డాలరు పెరుగుతుంది, డీజిల్ ఖర్చు అది. ఖాతా రాసుకునే పిల్లలకి ఖాతా అలాగే ఉంటుంది, ఎవరూ మొహమాటపడొద్దు. ఆదివారం భోజనం ఎప్పటిలాగే. కారు లేనివాళ్ల కోసం మంగళవారం సాయంత్రం 6 నుంచి ఏడున్నర దాకా మేరీవిల్‌లో మనం దసరాకి స్వీట్లు పంచిన చోటే వ్యాన్ ఆపుతాను. నవంబరులో చీకటి పడ్డాక జింకలు రోడ్డు మీదికి దూకుతాయి, ఆ నెల కొంచెం ఆలస్యమైతే ఫోన్ల మీద ఫోన్లు చేయకండి, మెల్లగానే వస్తాను.

కూరగాయలు కావలసినవాళ్లు శనివారం రాత్రి 9 లోపు మెసేజ్ పెట్టండి. ములక్కాడలు, వంకాయలు, గోంగూర ఖాయంగా తెస్తాను. కరివేపాకు దొరికితే ఇంటికో కట్ట. దొండకాయలకి మాత్రం ఇంకా మాట ఇవ్వలేను.