పన్నెండో ఏటి నుంచి డబ్బు లెక్క రాస్తున్నారు, ఆడిన నిమిషాల లెక్క కూడా రాయించండి

ఫిఫా అధ్యక్షులు జియాని ఇన్ఫాంటినో గారికి,

నమస్కారం. స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ పెద్రి గురించి మీకు నేను కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. అతని కెరీర్ మొదటి రోజులను మాత్రం తేదీలు దగ్గర పెట్టుకుని ఒక్కసారి చూడమని అడగడానికే ఈ ఉత్తరం.

పెద్రి 2002 నవంబరులో పుట్టాడు. 2019లో, 16 ఏళ్ల వయసులో, స్పెయిన్ క్లబ్బు లాస్ పాల్మాస్ సీనియర్ జట్టుకి ఆడాడు. 2020లో బార్సిలోనా చేరి, మొదటి సీజన్‌లోనే క్లబ్బుకి 52 మ్యాచ్‌లు ఆడాడు. 2021 మార్చిలో స్పెయిన్ సీనియర్ జట్టులోకి వచ్చాడు. ఆ వేసవిలో ఐరోపా దేశాల టోర్నీ ‘యూరో’లో స్పెయిన్ ఆడిన ఆరు మ్యాచ్‌లలోనూ ఉన్నాడు. జూలై 6న ఇటలీతో సెమీఫైనల్ పెనాల్టీల దాకా వెళ్లింది. ఆ రాత్రి అతను ఇచ్చిన 66 పాసుల్లో 65 సరిగ్గా అందాయి. బంతి కాలికి రాకముందే తల తిప్పి రెండు పక్కలా చూసుకోవడం, మీద పడబోయేవాడిని ఒక్క టచ్‌తో వదిలించుకోవడం, అదీ 18 ఏళ్లకి! చూస్తూ ఎంత మురిసిపోయానో ఇప్పటికీ గుర్తుంది.

సరిగ్గా 16 రోజులకు, జూలై 22న, జపాన్‌లో ఒలింపిక్స్ మొదటి మ్యాచ్ ఆడాడు. ఆగస్టు 7న ఫైనల్లో బ్రెజిల్ చేతిలో ఓడి వెండి పతకం అందుకున్నాడు. ఎనిమిది రోజులకే, ఆగస్టు 15న, బార్సిలోనా లీగ్ మొదటి మ్యాచ్‌లో మళ్ళీ మైదానంలో ఉన్నాడు. క్లబ్బు, దేశం కలిపితే అంతకుముందు ఏడాదిలో ఆడినవి 73 మ్యాచ్‌లు. రెండు టోర్నీలూ ఆడించడం ఈ వయసుకి ఎక్కువని అప్పటి బార్సిలోనా కోచ్ రోనాల్డ్ కోమన్ బహిరంగంగానే అన్నారు. ఎవరూ ఆగలేదు.

సెప్టెంబరులో జర్మనీ క్లబ్బు బయర్న్‌తో మ్యాచ్‌లో తొడ కండరం పట్టేసింది. నెలాఖరుకి తిరిగొచ్చి మళ్ళీ గాయపడ్డాడు. ఆ సీజన్‌లో లీగ్‌లో 38 మ్యాచ్‌లుంటే అతను ఆడింది 12. 2022 ఏప్రిల్‌లో ఇంకో కండరం. 2021లో యువ ఆటగాళ్లకిచ్చే గోల్డెన్ బాయ్, కోపా ట్రోఫీ అవార్డులు రెండూ అతనికే వచ్చాయి. కొత్త ఒప్పందంలో విడుదల ధర, అంటే అతన్ని మధ్యలో తీసుకెళ్లాలంటే కట్టాల్సిన సొమ్ము, 100 కోట్ల యూరోలని రాశారు. ఆ సంతకం జరిగిన 2021 అక్టోబరులో అతను ఆడే స్థితిలోనే లేడు.

గాయానికి కారణం ఫలానా మ్యాచ్ అని ఎవరూ వేలెత్తి చూపలేరు, నేనూ చూపను. కానీ మిడ్‌ఫీల్డర్ పని ఎలాంటిదో మీకు తెలుసు. జట్టులో అందరికంటే ఎక్కువ పరుగు సాధారణంగా అతనిదే, మ్యాచ్‌కి 11 కిలోమీటర్లు దాటడం మామూలు. అదీ తిన్నగా సాగే పరుగు కాదు. ఆగాలి, తిరగాలి, మళ్ళీ పరుగెత్తాలి. ఎముకల ఎదుగుదల కొన్నిచోట్ల 20 ఏళ్లు దాటాక కూడా సాగుతూనే ఉంటుంది. అలాంటి ఒంటితో ఈ పని.

పైగా ఆ వయసులో ఎవరూ ‘నేను ఆడలేను’ అనరు. ఒక మ్యాచ్ వదిలితే చోటు పోతుందేమోనన్న టెన్షన్. దేశం పిలిచాక రానంటే ఏమనుకుంటారోనన్న భయం. అందుకే ఈ నిర్ణయం కుర్రాడికి వదిలేయడం న్యాయం కాదు. క్లబ్బు కోచ్ తన మ్యాచ్‌లు లెక్కేసుకుంటాడు, సీనియర్ జట్టు కోచ్ తనవి, ఒలింపిక్ జట్టు కోచ్ తనవి. వాళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు. మొత్తం కూడి చూసే బాధ్యత మాత్రం ఎవరికీ లేదు.

మీ దగ్గర ‘ప్లేయర్ పాస్‌పోర్ట్’ ఉంది. పన్నెండో ఏటి నుంచి ఆటగాడు ఏ క్లబ్బులో నమోదయ్యాడో అందులో రాయాలని మీ నిబంధనలే చెబుతున్నాయి. బదిలీ జరిగితే ఆ సొమ్ములో 5 శాతాన్ని అతన్ని పెంచిన క్లబ్బులకు పంచడానికి ఆ వివరాలు కావాలి. మంచి ఏర్పాటే, చిన్న క్లబ్బులు దానివల్ల నిలబడుతున్నాయి. డబ్బు కోసం ఇంత ఓపికగా లెక్క రాయగలిగినవాళ్లు, అదే పాస్‌పోర్ట్‌లో ఆడిన నిమిషాలకూ ఒక పేజీ పెట్టలేరా? క్లబ్బు, సీనియర్ జట్టు, వయసు జట్లు, ఒలింపిక్స్ అన్నీ ఒకే చోట పడాలి. 21 ఏళ్ల లోపువాళ్లకు ఏడాదికి ఒక పరిమితి పెట్టండి. అంకె ఎంతో వైద్యులు, ఆటగాళ్ల సంఘాలు కలిసి తేల్చనివ్వండి. అది దాటితే ఏ కోచ్ అడిగినా పేరు నమోదు కాకూడదు.

మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య 72 గంటలు, సీజన్ చివర కనీసం 21 రోజుల విశ్రాంతి ఉండాలని 2025 జూలైలో మీ సంస్థే ప్రకటించింది. 2021 వేసవిలో పెద్రికి ఆ 21 రోజులు ఎక్కడ దొరికేవో పైన రాసిన తేదీల్లో వెతకండి. 2026 ప్రపంచకప్‌కి 48 జట్లు, 104 మ్యాచ్‌లు పెట్టారు. ఆటను పెంచింది మీరే కాబట్టి విశ్రాంతిని నిబంధనగా రాయాల్సిందీ మీరే.

పెద్రి కోలుకున్నాడు కదా అనొచ్చు. నిజమే, 2024-25లో బార్సిలోనా స్పెయిన్ లీగ్‌నీ, అక్కడి కప్ పోటీ కోపా డెల్ రేనీ గెలిచినప్పుడు ఆ జట్టు ఆటంతా అతని కాళ్ల మీదుగానే నడిచింది. అతని వెనక పెద్ద క్లబ్బు ఉంది, మంచి వైద్యులున్నారు. రెండో డివిజన్‌లో, ఏడాది ఒప్పందం మీద ఆడుతున్న 18 ఏళ్ల మిడ్‌ఫీల్డర్‌కి తొడ కండరం మూడోసారి తెగితే మళ్ళీ ఒప్పందం ఎవరిస్తారు? నేను ఆ కుర్రాడి కోసమే రాస్తున్నాను. మీ కౌన్సిల్ తదుపరి సమావేశం అజెండాలో ఈ పేజీ సంగతి చేర్చండి. చేర్చలేకపోతే కారణమేమిటో ఆటగాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి.

గౌరవంతో,
ఒక ఫుట్‌బాల్ అభిమాని