మన సైకిల్ సంఘం వార్షిక నివేదిక, 2025–26 (హన్మకొండ – వరంగల్ – కాజీపేట)

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మనం చేసిన పనుల్లో పెద్దది ఏదంటే, అడిగే తీరు మార్చుకోవడం. ఇంతకుముందు ఏ అధికారి దగ్గరికి పోయినా “మాకో సైకిల్ ట్రాక్ కావాలి సార్” అనేవాళ్లం. వాళ్లు తలూపేవాళ్లు, మనం ఫోటో దిగి వచ్చేవాళ్లం. ఈసారి రోడ్డు పేరు, మలుపు, అక్కడి ఫోటో, అక్కడ జరగాల్సిన పని కాగితం మీద రాసుకుని పోయాం. కొన్ని పనులు అయ్యాయి, చాలావరకు కాలేదు.

ముందు ఏం అడగాలన్నదాని మీద గత సర్వసభ్య సమావేశంలో గట్టి వాదనే నడిచింది. ఆదివారాలు గేర్ సైకిళ్ల మీద వడ్డేపల్లి కట్ట, భద్రకాళి చెరువు వైపు వెళ్లే మన కుర్రాళ్లు, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో మొదలైన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ లాంటిది మనకూ అడుగుదామన్నారు. వాళ్ల కోరికను ఎవరూ తప్పు పట్టలేదు. అయితే తెల్లవారకముందే ఎనుమాముల మార్కెట్‌కు బయల్దేరే హమాలీకి, పేపర్లు వేసే పిల్లలకి, నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్‌కి ఆ ట్రాక్ తోవలో తగలదు. వాళ్లు సరదాకు తొక్కడం లేదు. ఆటోకు రోజూ డబ్బులు పెట్టలేక, బండి కొనలేక తొక్కుతున్నారు. 2011 జనగణన లెక్కల్లో దేశం మొత్తం మీద పనికి వెళ్లేవాళ్లలో సుమారు 13 శాతం సైకిల్ మీదే వెళ్తున్నారని తేలింది. ఆ పదమూడు శాతం పొద్దున ఎనిమిది తర్వాత మన చౌరస్తాల్లో కనబడరు, ఎందుకంటే అప్పటికే పనిలో ఉంటారు. ముందు వీళ్ల రోడ్డు సంగతి చూడాలని చివరికి అందరం ఒప్పుకున్నాం. ట్రాక్ అడగడం మానలేదు, వరసలో వెనక్కి జరిపాం.

ఇనుప జాలీల సంగతి

ఎక్కువ సమయం పట్టింది దీనికే, ఫలితం కనబడిందీ దీంట్లోనే. రోడ్డు అంచున వాన నీళ్లు డ్రైనేజీలోకి దిగడానికి ఇనుప జాలీలు పెడతారు. జాలీ కడ్డీలు రోడ్డుకు అడ్డంగా ఉంటే సైకిల్ చక్రం వాటి మీదుగా దొర్లిపోతుంది. రోడ్డు పొడవునా ఉంటే సందులోకి నిలువునా దిగుతుంది. మన మామూలు సైకిల్ టైరు వెడల్పు ఒకటిన్నర అంగుళం. బైకు టైరు జాలీ మీద నుంచి హాయిగా పోతుంది కాబట్టి జాలీలో లోపం ఉందని బైకు మీద తిరిగే ఇంజినీరుకు ఎప్పటికీ తెలియదు.

మన సభ్యుడి కొడుకు, తొమ్మిదో తరగతి పిల్లవాడు, ట్యూషన్ నుంచి వస్తూ ఇలాంటి జాలీలోనే పడ్డాడు. ముందు చక్రం ఆగిపోయింది, పిల్లవాడు హ్యాండిల్ మీద నుంచి ఎగిరిపడ్డాడు. మోచేయి చీరుకుపోయి, పన్ను విరిగింది. రిమ్ము ఎనిమిది అంకెలా వంకరపోయింది. అప్పుడు మెకానిక్ దగ్గర పడి ఉన్న పాత ముందు చక్రం ఒకటి అడిగి తెచ్చుకున్నాం. ఆదివారాలు బృందాలుగా విడిపోయి, కనబడిన ప్రతి జాలీ మీద ఆ చక్రాన్ని నిలబెట్టి చూశాం. దిగితే సుద్దముక్కతో గుర్తు, ఒక ఫోటో, దగ్గర్లోని దుకాణం పేరు. హంటర్ రోడ్డు, నయీంనగర్, పోచమ్మ మైదాన్, కరీమాబాద్ వైపులు ఇలా తిరిగాం. ఏం చేస్తున్నారని దారిన పోయేవాళ్లు అడగడం, చెప్పాక తమ వీధిలోని జాలీ కూడా చూపించడం ప్రతిసారీ జరిగింది.

ఈ ఫోటోలు తీసుకుని ఒక కార్యాలయానికి పోతే మొదట “జాలీలన్నీ డిజైన్ ప్రకారమే పెట్టాం” అన్నారు. మనవాళ్లు ఇంజినీరు గారిని కిందికి తీసుకొచ్చి, ఆ ఆఫీసు గేటు పక్కనే ఉన్న జాలీలో చక్రాన్ని నిలబెట్టారు. ఎవరూ పట్టుకోకుండానే అది నిటారుగా నిలబడింది. ఆయన కాసేపు చూసి, “వెల్డింగ్‌లో తిప్పితే సరిపోతుంది కదా” అన్నారు. సరిపోతుంది. అదే ఇనుము, అదే ఖర్చు. కొన్నిచోట్ల పాత జాలీ మీదే అడ్డంగా రెండు పట్టీలు వెల్డింగ్ చేశారు, పని నడిచిపోతోంది. మిగతావాటికి టెండర్ అన్నారు. మన జాబితాలో ఇంకా సగం పైనే మిగిలి ఉంది.

వాన తర్వాతి రోడ్డు

అక్టోబరు చివర్లో మొంథా తుపాను వానకు నగరంలో ఎన్ని కాలనీలు మునిగాయో చెప్పనక్కర్లేదు. మన సభ్యుల ఇళ్లలోకీ నీళ్లు వచ్చాయి. ఆ వారం సంఘం కార్యక్రమాలన్నీ ఆపి, చేతనైనవాళ్లం సహాయానికి పోయాం. నీళ్లు తీశాక కార్లు, బస్సులు నడిచే మధ్య భాగాన్ని రెండు మూడు రోజుల్లోనే శుభ్రం చేశారు. రోడ్డు అంచున పేరుకున్న ఇసుక, కంకర, బురద మాత్రం వారాల తరబడి అలాగే ఉంది. సైకిల్ నడిచేది ఆ అంచునే. ఇసుకలో బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. జారకూడదని లోపలికి జరిగితే వెనక నుంచి వచ్చే బస్సు హారన్. వాన తర్వాత అంచులు కూడా ఊడ్చాలని ఒక వినతి ఇచ్చాం. ఇది డబ్బుతో పెద్దగా సంబంధం లేని పని, ఊడ్చే బండి ఇంకో మీటరు పక్కకు రావాలి, అంతే. అయినా ఇంతవరకు జవాబు రాలేదు.

ఫాతిమానగర్ బ్రిడ్జి

కాజీపేట, హన్మకొండ మధ్య తిరిగే సభ్యులందరూ ఏకగ్రీవంగా తిట్టే చోటు ఇదొక్కటే. ఎక్కుడు మీద సైకిల్ వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే సైకిల్ తిన్నగా పోదు, హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతుంది. అంటే చదునైన రోడ్డు మీద కంటే బ్రిడ్జి ఎక్కేటప్పుడే సైకిల్‌కు ఎక్కువ జాగా కావాలి. మన బ్రిడ్జిల మీద జరిగేది దీనికి పూర్తిగా ఉల్టా, రోడ్డు అక్కడే ఇరుకవుతుంది. క్యారేజీ మీద బియ్యం బస్తా ఉన్నవాళ్లు దిగి నెట్టుకుంటూ పోతారు, అప్పుడు వెనక ట్రాఫిక్ అంతా వాళ్ల మీదే అరుస్తుంది. పక్కన కట్టే రెండో బ్రిడ్జి మీద ఎడమ అంచున సైకిళ్లకు, నడిచేవాళ్లకు కొంత వెడల్పు వదలాలని రాతపూర్వకంగా అడిగాం. సైకిల్ దారుల డిజైన్ కోసం ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన ఐఆర్‌సీ 11 మార్గదర్శకాలను కూడా జత చేశాం. గీత గీసి రంగు వేస్తే చాలదని, గీత మీద ఆటోలు ఆగుతాయని, ఎత్తు అంచు కావాలని స్పష్టంగా రాశాం.

ఎవరిని అడగాలి?

కొత్త సభ్యులు తరచూ అడిగే ప్రశ్న. 2021లో జిల్లాల పేర్లు మారాక మన నగరం హన్మకొండ, వరంగల్ అనే రెండు జిల్లాల్లో ఉంది. కార్పొరేషన్ ఒకటే, పోలీస్ కమిషనరేట్ ఒకటే, కలెక్టర్లు ఇద్దరు. రోడ్డేమో కొంత జాతీయ రహదారి, కొంత ఆర్ అండ్ బీ, కొంత కార్పొరేషన్‌ది. ఒకే గుంత గురించి మూడు చోట్ల తిరిగిన అనుభవం మన కోశాధికారి గారికి ఉంది, ఆయన నోటితోనే వినండి, నేను రాస్తే రుచి పోతుంది. అందుకే ఈ ఏడాది నుంచి ప్రతి వినతికీ నాలుగు కాపీలు తీసి, నాలుగు చోట్లా ముద్ర వేయించుకుంటున్నాం.

చట్టం వైపు మనకు బలం చేకూర్చే విషయం ఒకటి జరిగింది. మోటారు వాహనాల చట్టానికి 2019లో తెచ్చిన సవరణలో 138(1ఏ) అనే సెక్షన్ ఉంది. సైకిళ్ల వంటి మోటారు లేని బండ్లు, పాదచారుల భద్రత కోసం రాష్ట్రాలు నియమాలు చేయవచ్చని అది చెబుతుంది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు, ఈ సెక్షన్ కింద, అలాగే రోడ్ల డిజైన్‌కు సంబంధించిన 210డీ సెక్షన్ కింద ఆరు నెలల్లో నియమాలు రూపొందించాలని రాష్ట్రాలను ఆదేశించింది. మన వినతిపత్రాల మొదటి పేరాలో ఇప్పుడు ఇదే ఉంటోంది. ఇది పెట్టినప్పటి నుంచి కనీసం కూర్చోమంటున్నారు.

రేడియం స్టిక్కర్లు

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో సైకిల్ మీద వెళ్తున్నవాళ్లు దాదాపు మూడు శాతం. వినడానికి చిన్న అంకె, లెక్క వేసి చూస్తే నాలుగు వేల పైచిలుకు ఇళ్లు. చీకట్లో వెనక నుంచి గుద్దడం అనేదే మనవాళ్లకున్న పెద్ద భయం. కొత్త సైకిళ్లకు రిఫ్లెక్టర్లు వస్తున్నాయి గానీ, మన తోవలో నడిచేవి పదిహేను ఇరవై ఏళ్ల నాటి నల్ల సైకిళ్లు.

ఎనుమాముల మార్కెట్ దగ్గర, కాజీపేట స్టేషన్ బయట, జనవరి చివర్లో మేడారం జాతరకు ముందు ములుగు రోడ్డు మీద స్టిక్కర్లు అంటించాం. వెనక మడ్‌గార్డుకు ఎరుపు, ముందు హ్యాండిల్ గొట్టానికి తెలుపు, ప్యాడిళ్ల రెండు అంచులకూ పసుపు. ప్యాడిల్ స్టిక్కర్ అన్నింటికన్నా ముఖ్యం. అది కాలితో పాటు పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి లైటు పడగానే సైకిల్ అని డ్రైవర్‌కు దూరం నుంచే తెలిసిపోతుంది. అంటించే ముందు మడ్‌గార్డు మీది నూనె, దుమ్ము తుడవడానికే సమయమంతా పోయింది. తుడవకుండా అంటించినవి నెలలోనే ఊడిపోయాయి. ఒక పెద్దమనిషి తన సైకిల్‌కు వేయించుకుని, “మరి నా అంగికి?” అన్నాడు. ఆయన అడిగింది సబబే. వచ్చే ఏడాది బస్తాలు మోసేవాళ్లకు మెరిసే పట్టీలున్న జాకెట్లు ఇవ్వాలని తీర్మానం పెడుతున్నాం.

బడుల్లో చెప్పిన పాఠాల గురించి ఎక్కువ రాయను. పిల్లలు శ్రద్ధగా విన్నారు, చేతి సైగలు నేర్చుకున్నారు, బయటికి రాగానే రాంగ్ రూట్లో పోయారు. వాళ్లను అని లాభం లేదు. డివైడర్‌కు సందు అర కిలోమీటరు దూరంలో ఉంటే కాళ్లతో తొక్కేవాడు ఎదురే వస్తాడు. బడుల దగ్గర డివైడర్ సందుల గురించి ట్రాఫిక్ పోలీసులతో మాట్లాడుతున్నాం.

ప్రమాదం జరిగితే

సభ్యుల ఇరుగుపొరుగులో ఒకరిని ఏదో బండి తెల్లవారుజామున గుద్ది ఆగకుండా పోయింది. తొడ ఎముక విరిగింది. బండి నంబరు తెలియదు కాబట్టి ఏమీ రాదని ఇంట్లోవాళ్లు ఊరుకున్నారు. వస్తుంది. గుద్ది పారిపోయిన కేసుల్లో 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం కింద చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేల రూపాయల పరిహారం ఉంది. ఎఫ్ఐఆర్ కాపీ, ఆసుపత్రి కాగితాలు జత చేసి అర్జీ పెట్టించాం, ఫైలు నడుస్తోంది.

అలాగే 2025 మే నుంచి మోటారు వాహనం వల్ల రోడ్డు ప్రమాదంలో గాయపడిన వారికి, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు లక్షన్నర రూపాయల దాకా నగదు లేని చికిత్స పథకం అమల్లోకి వచ్చింది. సైకిల్ మీద ఉన్నవాళ్లకూ వర్తిస్తుంది. పడినవాళ్లను ఆసుపత్రికి చేర్చినవాళ్లను కేసుల్లో ఇరికించకుండా మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ రక్షణ ఉంది. పోలీసులంటే టెన్షన్ పడి పక్కకు తప్పుకోకండి, 112కు ఫోన్ చేయండి.

కానివి

బస్టాండు, రైల్వే స్టేషన్ దగ్గర సైకిల్ స్టాండు కోసం రాసిన లేఖలకు ఫలితం లేదు. తాళం వేసి స్తంభానికి కట్టేసిన సైకిళ్లు పోతూనే ఉన్నాయి. మెకానిక్‌ల శిక్షణ తరగతి ఒక్కసారే జరిగింది. నేర్పేందుకు పెద్ద మెకానిక్ వచ్చారు, నేర్చుకునేందుకు కుర్రాళ్లు రాలేదు. పంక్చర్ వేయడం మనమే నేర్చుకుని ఇంటికి వచ్చాం.

లెక్కలు, వచ్చే ఏడాది

ఆదాయం సభ్యత్వ రుసుములు, విరాళాలు. ఖర్చులో ఎక్కువ భాగం స్టిక్కర్లకు, తర్వాత జిరాక్సులకు. నాలుగేసి కాపీల మహిమ. పూర్తి పట్టిక కోశాధికారి గారు సర్వసభ్య సమావేశంలో చదివి వినిపిస్తారు. అభ్యంతరాలుంటే అక్కడే లేవనెత్తండి.

2026లో జనగణనలో భాగంగా ఇళ్ల గణనకు వచ్చినవాళ్లు ఇంట్లో ఏయే వాహనాలున్నాయో అడుగుతారు. బండి ఉందని చెప్పి సైకిల్ సంగతి మరిచిపోతుంటాం. అటక మీద ఉన్నా సరే, సైకిల్ ఉందని రాయించండి. రేపు మన వినతిపత్రాల్లో వేసుకోవడానికి మన ఊరి అంకె ఒకటి దొరుకుతుంది.

జాలీల జాబితాలో రంగశాయిపేట, శివనగర్ వైపు ఇంకా చూడలేదు. పాత చక్రం నా దగ్గరే ఉంది. ఆ వైపు ఉండే సభ్యులు ముందే చెప్పి వచ్చి తీసుకుపోవచ్చు.

– కార్యదర్శి