బావి రాతి మీది గీతలు

హనుమకొండ,
ఆదివారం రాత్రి

బిడ్డా స్రవంతీ,

మాట్లాడుతుండగానే ఫోను తెగిపోయింది. ఓడ రేవు వదిలినట్టుంది. ఓడ ప్రయాణికులను ఊరు చూపించి మళ్లీ ఓడెక్కించే నీ ఉద్యోగం గురించి, తెగే ముందు నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది: "చదివింది చరిత్ర నాన్నా, చేసేది తలలు లెక్కపెట్టడం." అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో అయితే మీ అమ్మ నా మాట సాగనివ్వదు, తిన్నావా లేదా అన్నదే ఆమెకు ముఖ్యం.

తలలు లెక్కపెట్టడాన్ని తక్కువ చేయకు. వరంగల్ కోటలో ఇరవై ఏడేళ్లు గైడుగా తిరిగినవాణ్ని. ఒకసారి నలభై ఒక్క మందిని దింపి నలభై మందినే బస్సెక్కించాను. మిగిలిన పెద్దాయన కోసం సగం దారిలో వెనక్కి వస్తే, ఏకశిల గుట్ట నీడలో తీరిగ్గా బత్తాయి ఒలుచుకుంటున్నాడు. మా బస్సు కాబట్టి వెనక్కి వచ్చింది. ఓడతో ఆ వీలెక్కడిది?

నువ్వు పంపిన ఫొటోలు రెండుసార్లు చూశాను. మనకు పడవంటే లక్నవరం చెరువే కదా, అంత పెద్ద ఓడ కోటగోడల కింద ఆగి ఉంటే కోట చిన్నదిగా కనిపించింది. రేవు నుంచి యాభై ఎనిమిది మీటర్ల లిఫ్టులో మాల్టా ద్వీపదేశపు రాజధాని వాలెట్టాలోకి ఎక్కడం, అంగీలకు నంబరు చీటీలు అంటించుకున్న ప్రయాణికులను రిపబ్లిక్ వీధి వెంట నడిపించి కాసా రోకా పికోలాకు చేర్చడం, గంటలో మళ్లీ బయటికి తేవడం. 1580 ప్రాంతంలో కట్టిన ఇల్లు, యాభైకి పైగా గదులు, మార్క్విస్ బిరుదున్న కుటుంబం ఇప్పటికీ అందులోనే కాపురం. "నిజంగానే ఇక్కడ ఉంటున్నారా?" అని ప్రతి గుంపులోనూ ఎవరో ఒకరు అడుగుతారన్నావు. నాకైతే అసూయగానే ఉంది. నన్ను అందరూ అడిగింది "రాజుగారి మహలు ఏది?" అని. 1323లో ఢిల్లీ సేనల చేతిలో ఓరుగల్లు పడ్డాక చూపించడానికి కాకతీయుల మహలు ఎక్కడ మిగిలింది? నాలుగు దిక్కులా నాలుగు తోరణాలున్నాయి, మధ్యలో ఉండాల్సిన గుడి లేదు. ఖుష్ మహల్ ఉంది కానీ అది తర్వాతి కాలానిది. లేని మహలును గణపతిదేవుడి నుంచి ప్రతాపరుద్రుడి దాకా వంశావళి చదివి నింపేవాణ్ని. ఒక ముసలమ్మ అంతా విని, "ఇంతమంది నీళ్లెక్కడ తాగేవారు బాబూ?" అంది. ఆ రోజు నాకు జవాబు తోచలేదు, మెట్లబావి పక్కనే ఉన్నా.

నీళ్లంటే మీ ముత్తవ్వ గుర్తొచ్చింది. మా ఊరి గడీ సంగతి నీకు ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. నిజాం కాలంలో ఆ గడీ ముందు నుంచి పోవాలంటే చెప్పులు విప్పి చేతిలో పట్టుకోవాలి. మా నాయనమ్మ వెట్టికి నీళ్లు మోసేది. తెల్లవారకముందే దొర ఇంటి గాబులు నిండాలి, ఆ తర్వాతే తన ఇంటి కుండ. నాకు పదేళ్లప్పుడు, గడీలో ఎవరూ లేని రోజుల్లో, నన్ను వేలు పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. నగిషీ చెక్కిన తలుపుల వైపు చూడనైనా లేదు, తిన్నగా పెరట్లోని బావి దగ్గరికి నడిచింది. చేంతాడు ఒరుసుకుని ఒరుసుకుని అంచు రాయి మీద లోతుగా గీతలు పడ్డాయి. నా వేలు పట్టి ఒక గీతలో పెట్టింది. వేలు సగం దాకా దిగింది. లోపల నున్నగా, చల్లగా ఉంది. "ఇది మా అత్తది, ఇది నాది" అంది. ఏ గీత ఎవరిదో ఎలా గుర్తుపట్టిందో అడగాలని నాకప్పుడు తోచలేదు.

మొన్న దోమకొండ గడికోటకు కూడా పోయి వచ్చాను. 2022లో యునెస్కో పురస్కారం వచ్చింది కదా, చక్కగా బాగుచేశారు. మీ అమ్మ తోరణాలనూ స్తంభాలనూ ఫొటోలు తీసింది. నేను మాత్రం బావి కోసం వెతుకుతూ తిరిగాను, వెనకబడ్డానని చీవాట్లు తిన్నాను.

మాల్టాలో నదులు లేవు. 1566లో వాలెట్టా కట్టడం మొదలయ్యాక ప్రతి ఇంటికీ వాన నీటి బావి ఉండాలని నియమం పెట్టారట. నువ్వు తీసుకెళ్లే కాసా రోకా పికోలా కింద రాతిలో తొలిచిన నేలమాళిగల్లో రెండో ప్రపంచ యుద్ధకాలంలో బాంబులకు భయపడి జనం తలదాచుకున్నారు. అక్కడికి దిగాక ఎవరూ గడియారం చూడరని నువ్వే అన్నావు. పైన వెండి సామాను చూస్తూ ఆవులించిన వాళ్లు కూడా గోడ తడిమి చూస్తారన్నావు.

ముందు నడిచి కథ చెప్పడం ఆ ఇంటి గైడు పని, అందులో నువ్వు తలదూర్చకు. నువ్వు ఉండేది వరస చివర. మోకాళ్లనొప్పుల వాళ్లు, మెట్ల దగ్గర ఆగిపోయేవాళ్లు నలుగురైదుగురు నీతోనే నడుస్తారు. వాళ్లు ఊపిరి తీసుకునే ఆ రెండు నిమిషాలూ నీవే. వెండి కంచాలు చూసి వస్తున్నవాళ్లకు ఒక మాట చెప్పు: ఆ ఊళ్లో, ఒకప్పుడు మాల్టాను ఏలిన నైట్లు అనే క్రైస్తవ యోధుల ఆసుపత్రిలో రోగులకు కూడా వెండి పళ్లేల్లోనే అన్నం పెట్టేవారు. మా గడీలో వెండి కంచం తోమినవాళ్లకు అందులో తినే యోగం ఏనాడూ పట్టలేదు. ఈ రెండో మాట చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం, ఎదుటి మనిషిని చూసి నిర్ణయించుకో.

చింతకాయ తొక్కు డబ్బా కట్టి పెట్టింది మీ అమ్మ. ఓడ ముంబయికి ఎప్పుడు వస్తుందో చెబితే ఎవరి చేతనైనా పంపుతాం.

మళ్లీ ఆ ఇంటికి వెళ్లినప్పుడు బావి నోరు ఎక్కడైనా కనిపిస్తుందేమో చూడు. కనిపిస్తే అంచు మీద వేలు పెట్టి చూడు. గీతలుంటే దగ్గరగా ఒక ఫొటో తీసి పంపు. లేకపోతే లేవని రాయి.

మీ నాన్న