గంటలు కాదు, చేయగల పని కొలవాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. ప్రభుత్వోద్యోగుల శిక్షణ కోసం 2020 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన మిషన్ కర్మయోగి ఆలోచన మంచిది. పోస్టులో ఉన్నవారి పాత్ర, అందులోని పనులు, వాటికి కావలసిన సామర్థ్యాలు ముందు రాసుకుని, ఆ తర్వాతే శిక్షణ ఇవ్వాలన్నది దాని మూలసూత్రం. ఆచరణలో మాత్రం ఎవరెన్ని కోర్సులు పూర్తిచేశారన్న లెక్కే ముందుకొచ్చింది. 2024 అక్టోబరులో జరిపిన జాతీయ అభ్యాస వారంలో ఒక్కొక్కరికి కనీసం 4 గంటల అభ్యాసం లక్ష్యంగా పెట్టారు. గంటలు లెక్కపెట్టడం తేలిక, నైపుణ్య స్థాయిని నిర్వచించడం కష్టం. అందుకే రెండోది వెనకబడింది.

మన రాష్ట్రాల్లో మరో చిక్కుంది. గ్రేడునే స్థాయి అనుకుంటున్నాం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంచాయతీ కార్యదర్శులను గ్రేడ్-5లో, డిజిటల్ అసిస్టెంట్లను గ్రేడ్-6లో నియమించారు. గ్రేడు హోదాను చెబుతుంది, పనితనాన్ని చెప్పదు. డిపార్ట్‌మెంటల్ టెస్టులూ అంతే. పుస్తకం చూసి రాసే పేపర్లో నిబంధన వెతకడం వచ్చో రాదో తేలుతుంది. ఎదురుగా నిలబడ్డ మనిషి కాగితానికి ఆ నిబంధన ఎలా వర్తిస్తుందో తేల్చగలరా అన్నది అందులో తెలియదు.

పంచాయతీ కార్యదర్శి చేసే జనన నమోదునే తీసుకోండి. అందులో పనితనాన్ని నాలుగు స్థాయిలుగా ఇలా రాయవచ్చు. 21 రోజుల్లోపు వచ్చిన సమాచారాన్ని తప్పులేకుండా ఎక్కించి, తల్లి పేరులో తేడా కనిపిస్తే ఆగి పైవారిని అడిగేవారు మొదటి స్థాయి. 30 రోజుల్లోపైతే ఆలస్య రుసుము, ఏడాదిలోపైతే రాతపూర్వక అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలని గుర్తించి, కావలసిన కాగితాలన్నీ ఒకేసారి చెప్పి పంపగలిగేవారు రెండో స్థాయి. ఈ తేడా తెలియనిచోటే జనం నాలుగైదుసార్లు తిరుగుతారు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 15వ సెక్షన్ ప్రకారం తప్పు దిద్దాలంటే అసలు నమోదును ముట్టుకోకూడదు, మార్జిన్‌లో రాసి, సంతకం చేసి, తేదీ వేయాలి. వైట్‌నర్ పూసిన రిజిస్టరు రేపు పాస్‌పోర్టు దగ్గర ఆ బిడ్డకే అడ్డు తగులుతుంది. దిద్దుబాటు ఎప్పుడు చేయవచ్చో, ఎప్పుడు నిరాకరించాలో తానే నిర్ణయించి, కారణం రాయగలిగేవారు మూడో స్థాయి. మండలంలోని మిగతా రిజిస్టర్లు తనిఖీ చేసి, ఒకే తప్పు పదే పదే ఎందుకొస్తోందో కనిపెట్టి, కొత్తవారికి నేర్పగలిగేవారు నాలుగో స్థాయి.

ఇందులో ‘మంచి అవగాహన’, ‘ఉన్నత ప్రావీణ్యం’ లాంటి మాటలు లేవని గమనించాలి. అలాంటి మాటలుంటే ఒక అధికారి అందరికీ 4 వేస్తారు, ఇంకొకరు అందరికీ 2 వేస్తారు. ప్రతి స్థాయికీ పని, దాని చిక్కు, పైవారి సాయం ఎంత అవసరం, రుజువు ఏమిటి అన్న నాలుగూ రాయాలి. రుజువంటే సర్టిఫికెట్ కాదు, గత ఆరు నెలల్లో ముగించిన పది ఫైళ్లు, వాటిలో కనీసం రెండు చిక్కువి. ఒక్క పోస్టుకు ముప్పై నైపుణ్యాలు రాస్తే ఎవరూ చదవరు, ఐదారు చాలు. సర్వరు ఆగిపోయి పెండింగ్ పడిన పనిని ఉద్యోగి లోపంగా ఎక్కించకూడదు.

రాసిన నిర్వచనం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి తేలిక మార్గముంది. అవే పది ఫైళ్లు ఇద్దరు అధికారులకు విడివిడిగా ఇచ్చి స్థాయి వేయించాలి. ఇద్దరి అంకెలూ తరచూ కలవకపోతే తప్పు నిర్వచనంలో ఉంది, దాన్ని తిరగరాయాలి.

అందరూ నాలుగో స్థాయికి చేరనక్కర్లేదు. కాన్పులు ఎక్కువగా జరిగే ఆసుపత్రి ఉన్న ఊరికి మూడో స్థాయి కావాలి, చిన్న పంచాయతీకి రెండోది సరిపోతుంది. బదిలీల్లో దీన్ని చూడాలి. ఉన్న స్థాయికీ, ఆ ఊరికి కావలసిన స్థాయికీ మధ్య ఎంత తేడా ఉంటే అంతవరకే శిక్షణ ఇవ్వాలి. ప్రభుత్వోద్యోగులకు శిక్షణ ఇచ్చే సంస్థలు, అంటే బాపట్లలోని మానవ వనరుల అభివృద్ధి సంస్థ, హైదరాబాద్‌లోని మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థ, పంచాయతీ కార్యదర్శి పోస్టుతోనే ఈ పని మొదలుపెట్టాలి. ముసాయిదా రాసేటప్పుడు రోజూ రిజిస్టరు పట్టే కార్యదర్శులను కూర్చోబెట్టుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు