షాంఘై మేళాకి వెళ్లేముందు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. స్టాల్ ఎంత పెద్దది తీసుకోవాలి, బ్యానర్ ఏ రంగులో ఉండాలి అని రెండు పేజీలు నింపావు. నువ్వు అమ్మబోయే చెక్క గిన్నె ధర ఎంతో మాత్రం ఒక్క ముక్క లేదు! స్టాల్ సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను: మూడు మీటర్లకు మూడు మీటర్లది నీకు చాలు.

మామూలు ఫెయిర్లలో అమ్మకం మీదే గురి. దిగుమతి మేళాలో ఆ దేశం వాళ్లు కొనడానికి కూర్చుంటారు, అమ్మేవాళ్లు బయటినుంచి వస్తారు. గ్వాంగ్‌జౌలో కాంటన్ ఫెయిర్ 1957 నుంచీ ఉంది, కానీ అందులో దిగుమతి విభాగం పెట్టింది 2007లో. నువ్వు వెళ్తానంటున్న షాంఘై మేళా, అదే సీఐఐఈ (చైనా అంతర్జాతీయ దిగుమతి మేళా), 2018 నవంబరులో మొదలైంది. అది పుట్టిందే దిగుమతుల కోసం. మొదటి ఏడాదే 5,783 కోట్ల డాలర్ల ఒప్పందాలు కుదిరాయని ప్రకటించారు. ఆ అంకె చూసి పొంగిపోకు. అవి ఏడాదిలో కొనాలనుకుంటున్నాం అన్న మాటలే తప్ప ఆర్డర్లు కావు.

ఆ మాట ఆర్డరయ్యేది ధరల కాగితం దగ్గర. బయ్యరుకి నీ దగ్గర నిలబడే తీరిక ఉండదు. ధరెంత, కనీసం ఎన్ని కొనాలి, ఎన్ని రోజుల్లో పంపుతావు, ఇరవై అడుగుల కంటెయినర్లో ఎన్ని పడతాయి అని గబగబా అడుగుతాడు. నీ చెక్క గిన్నెల లెక్కే వేద్దాం. 60, 40, 40 సెంటీమీటర్ల అట్టపెట్టె 0.096 ఘనపు మీటర్లు. కంటెయినర్ లోపల 33 ఘనపు మీటర్లు ఉన్నా, సందులు పోను 28 అనుకో. అంటే దాదాపు 290 పెట్టెలు. పెట్టెకు 24 చొప్పున 6,960 గిన్నెలు. "తర్వాత చెబుతానండీ" అన్నావో, అతను పక్క స్టాల్‌కి వెళ్లిపోతాడు.

ధర పక్కన ఉత్త ఎఫ్‌ఓబీ, అంటే సరుకు ఓడెక్కించేదాకా ఖర్చు అమ్మేవాడిదే, అని రాస్తే సరిపోదు. ఏ రేవో రాయాలి, ఇన్‌కోటర్మ్స్ 2020 (ఇలాంటి ధర షరతులకు అర్థం చెప్పే అంతర్జాతీయ నియమాలు) అని కూడా రాయాలి. ఫ్యాక్టరీ గేటు దగ్గరి ధర చెప్పేసి, ఆనక లారీ బాడుగా కస్టమ్స్ ఖర్చూ కలిపితే మాట మార్చావంటాడు, ఆ అనడంలో తప్పూ లేదు. ఆ ధర ఎప్పటిదాకా చెల్లుతుందో తేదీ వెయ్యి. హెచ్‌ఎస్ కోడ్, అంటే కస్టమ్స్ వాళ్లు సరుకుని గుర్తించే అంకె, కూడా పెట్టు. చెక్కతో చేసిన భోజన, వంటింటి సామాను 4419 కిందికి వస్తుంది. మొదటి 6 అంకెలు అన్నిచోట్లా ఒకటే కాబట్టి అతను తన సుంకం వెంటనే చూసుకుంటాడు.

ఎక్కువమంది దెబ్బతినేది శాంపిళ్ల దగ్గర. వెనక్కి తెచ్చుకునేవాటికి ఏటీఏ కార్నె తీసుకో, అది సరుకుని తాత్కాలికంగా వేరే దేశానికి తీసుకెళ్లడానికి ఇచ్చే కస్టమ్స్ పత్రం. ఏడాది చెల్లుతుంది, సుంకం కట్టక్కర్లేదు. అయితే పంచిపెట్టేవీ అమ్మేవీ దాని కిందికి రావు, వాటికి వేరే ఇన్‌వాయిస్ ఉండాలి. చివరిరోజు ఎవరో ముచ్చటపడ్డారని కార్నెలో రాసిన గిన్నె ఇచ్చేశావనుకో, తిరిగొచ్చేటప్పుడు లెక్క తగ్గి, సుంకం నీ మెడకు చుట్టుకుంటుంది. శాంపిళ్లని చెక్కపెట్టెలో పంపితే దానిమీద ఐఎస్‌పీఎం 15 ముద్ర ఉండాలి, అది చెక్కలో పురుగులు దేశాలు దాటకుండా పెట్టిన అంతర్జాతీయ నియమం. చెక్క నడిబొడ్డు దాకా 56 డిగ్రీల సెల్సియస్ వేడి కనీసం 30 నిమిషాలు తగిలితేనే ఆ ముద్రలో హెచ్‌టీ (వేడిచేసినది) అని వేస్తారు. ముద్ర లేకపోతే పెట్టె రేవులో ఉండిపోతుంది, మేళా మాత్రం నీకోసం ఆగదు. ప్లైవుడ్ పెట్టె చేయించు, ఆ బెడదే ఉండదు.

ఇంకో సంగతి. చైనాలో ట్రేడ్‌మార్క్ సాధారణంగా ముందు దరఖాస్తు పెట్టినవాడికే దక్కుతుంది. నీ పేరు బ్యానర్ మీదికి ఎక్కకముందే అక్కడ దరఖాస్తు పడాలి.

మేళాలో ఎవరో ఒకరు "దేశం మొత్తానికీ అమ్మే హక్కు మాకే ఇవ్వండి" అంటారు. అక్కడికక్కడ సంతకం పెట్టకు. ఒక్క ప్రాంతం, ఒక్క ఏడాది, ఏడాదికి ఇన్ని కంటెయినర్లు కొనకపోతే హక్కు రద్దు అని రాయించు. వెనక్కి తగ్గాడా, అతనికి కావలసింది నీ గిన్నెలు కాదు, వేరేవాళ్లకు అవి దొరక్కుండా చెయ్యడం.

వచ్చిన కార్డు వెనకే ఏ గిన్నె, ఎన్ని, ఏం అడిగాడు అని రాసుకో. రెండు రోజుల్లో ధరల కాగితం పంపు. ఒప్పుకున్న శాంపిల్‌ని ఇద్దరి సంతకాలతో సీలు వేసి చెరొకటి ఉంచుకోండి. రంగు తేడా అని తర్వాత గొడవొస్తే అదే సాక్ష్యం. ఎల్‌సీ (పత్రాలు సరిగ్గా ఉంటే డబ్బిస్తానని కొనేవాడి బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) మీద వ్యాపారమైతే, గడువు వేరేగా రాసుకోకపోతే సరుకు ఓడెక్కిన 21 రోజుల్లోపు పత్రాలు బ్యాంకులో పడాలి. ఇన్‌వాయిస్‌లో సరుకు వివరం ఎల్‌సీలో ఉన్న దానితో సరిపోలకపోతే బ్యాంకు డబ్బు ఆపేస్తుంది.

ముందు ఆ ధరల కాగితం తయారుచేసి నాకు పంపు. బ్యానర్ రంగు మీ ఆవిడని అడుగు, నన్ను కాదు.

ఉంటాను మరి.

నీ
మూర్తి