చుక్కల బొమ్మ దగ్గర నువ్వే గుర్తొచ్చావు

చిన్నా,

ఫోన్ ఎత్తడం లేదు, మెసేజ్ పెడితే రెండు ముక్కల్లో జవాబు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా. ఓపిగ్గా చదువు. దగ్గు తగ్గిందా? మందు మధ్యలో ఆపేయకు.

అక్క నన్ను షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కి తీసుకెళ్లింది. నీ గదిలో గోడకి అంటించుకున్నావే, నది ఒడ్డున గొడుగుల ఆడవాళ్ల బొమ్మ, దాని అసలు పటం అక్కడే ఉంది! ఏడడుగుల ఎత్తు, పదడుగుల వెడల్పు. జార్జ్ సురా 1884లో మొదలుపెట్టి 1886కి పూర్తి చేశాడట. దగ్గరికి వెళ్తే గడ్డి ఉత్త పచ్చ కాదురా, నీలం, పసుపు, నారింజ చుక్కలు పక్కపక్కనే. వెనక్కి జరిగితే అవన్నీ కలిసిపోయి ఎండా నీడా కనిపిస్తాయి. నీ పోస్టర్‌లో ఇదేమీ తెలియదు. ఆయన వాడిన జింక్ పసుపు కొన్నేళ్లకే గోధుమరంగుకి తిరిగిందట, ప్రాణం ఉసూరుమంది.

పద్మ పిన్ని ఏదో అంది. ఆవిడ మాటలు నేను పట్టించుకోను, నీకు తెలుసు.

బొమ్మ ముందు బెంచీ మీద కూర్చుంటే అక్క ఆయన జీవితం చదివి వినిపించింది. మడ్లెన్ అనే అమ్మాయితో కలిసి ఉండేవాడట, కొడుకు కూడా పుట్టాడు. తల్లికి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. భోజనానికి ఆ తల్లి ఇంటికే వచ్చేవాడు, తిని, నోరు విప్పకుండా వెళ్లిపోయేవాడు. 1891 మార్చిలో ఉన్నట్టుండి జబ్బు చేసింది. పోవడానికి రెండ్రోజుల ముందు వాళ్లిద్దర్నీ వెంటబెట్టుకుని తల్లి దగ్గరికి వచ్చాడు. అప్పటికి 31 ఏళ్లు. కొద్దిరోజులకే ఆ పసివాడూ పోయాడు. ఆ తల్లి మనవణ్ణి ఎన్నిసార్లు ఎత్తుకుని ఉంటుందా అని నాకు ఒకటే ఆలోచన, అక్క పిలిచినా లేవలేకపోయాను.

ఏదైనా ఉంటే ఇంట్లో చెప్పాలిరా. పెద్దవాళ్లకి కోపం వస్తుంది, అరుస్తారు, నాలుగు రోజులు మాట్లాడరు, ఆ తర్వాత వాళ్లే దిగొస్తారు. దాచిపెడితే మాత్రం అందరికీ టెన్షనే. మీ బాబాయ్ విషయంలో ఏమైందో చూశావుగా. లెక్చర్ ఇవ్వకూడదనే కూర్చున్నా, ఇచ్చేస్తున్నా. నాన్న సంగతి నాకు వదిలెయ్.

రాత్రిళ్లు మేలుకోకు. వేళకి తిను. శనివారం మేమంతా ఇంట్లోనే ఉంటాం, ఫోన్ చెయ్యి. ఆ అమ్మాయి పక్కనే ఉంటే తనకీ ఇవ్వు, నేను మాట్లాడతా.

అమ్మ